పద్నాలుగు నెలల పథ్యం

ఉదయం ఏడింటికి అప్పలస్వామి ఆరు ఇడ్లీలు, రెండు గుడ్లు, గ్లాసుడు పాలు తీసుకున్నాడని నర్సు చార్టులో రాసింది. ప్లేటు ఖాళీ అని పక్కన టిక్కు కూడా పెట్టింది. డాక్టర్ కృపామణి ఆ టిక్కును రెండుసార్లు చూసుకుంది. ఇక వాయిదా వేయడానికి కారణమేదీ మిగల్లేదు. తొమ్మిదింటికి మందు ఎక్కించారు.

ఆ మందు జబ్బును తగ్గించేది కాదు. నిద్రపోతున్న జబ్బును లేపేది.

పరిశోధనాలయంలో దాన్ని అందరూ మేలుకొలుపు అనేవారు. పదకొండేళ్ళ పని. ఎలుకల మీద పనిచేసింది, కుందేళ్ళ మీద పనిచేసింది. మనిషికి ఇవ్వడం ఇదే మొదలు. విశాఖలో సముద్రానికి ఎదురుగా, కొండ మీద ఉన్న ఆ పరిశోధనాలయానికి ఆనుకుని పది పడకల వార్డు ఉంది. దాని చివర అద్దాల గదిలో అప్పలస్వామి పడుకుని ఉన్నాడు. అతని ఛాతీలోంచి సన్నటి గొట్టం ఒకటి బయటికి వస్తోంది. అరగంటకోసారి అందులోంచి చెంచాడు నీరు తీసి, కృపామణి శిష్యురాలు యశోధర యంత్రంలో పెడుతోంది. లేచిన బాక్టీరియా తెర మీద ఆకుపచ్చ చుక్కలుగా, నిద్రలో ఉన్నవి బూడిదరంగు చుక్కలుగా కనిపిస్తాయి.

యాంటీబయాటిక్ ఆకుపచ్చవాటినే చంపగలదు. పెరుగుతున్నదాన్ని పట్టుకుని విరుస్తుంది. తిండి దొరక్క ముడుచుకుని పడుకున్న వాటి ముందు నుంచి మాత్రం, తాళం వేసిన ఇంటి ముందు నుంచి పోస్ట్‌మాన్ వెళ్ళిపోయినట్టు వెళ్ళిపోతుంది. మందులు ఆపిన రెండు నెలలకు అవి నింపాదిగా లేచి, మళ్ళీ మొదలుపెడతాయి. లాబ్‌లో వాటిని మొండిగాళ్ళు అంటారు.

మేలుకొలుపు ఆ మొండిగాళ్ళకు ఒకే కబురు అందిస్తుంది. తిండి వచ్చింది, లేవండి. ఆ కబురు నిజమో కాదో అవి అరగంటలో తేల్చుకుంటాయి. చుట్టూ రక్తంలో నిజంగా తిండి ఉంటే లేస్తాయి. లేకపోతే మళ్ళీ ముడుచుకుంటాయి. అందుకే నాలుగు రోజుల నుంచీ అప్పలస్వామికి కడుపు నిండా పెట్టిస్తున్నారు. ఇవాళ సాయంత్రం అయిదులోగా నూటికి తొంభై అయిదు లేవాలి. అప్పుడు అసలు ఇంజెక్షన్ ఇవ్వాలి. అయిదు దాటితే లేచినవి పెరిగి ఊపిరితిత్తులను మింగేస్తాయని, ఇక ఎవరూ ఏమీ చేయలేరని వార్డు డాక్టర్ ఖాదర్ ముందే చెప్పాడు. ఆ ఇంజెక్షన్ కూడా ఒక్కసారే ఇవ్వగలరు. దాని మోతాదుకు మూత్రపిండాలు, చెవులు మూల్యం చెల్లించాలి. రెండోసారికి మనిషి మిగలడు.

ఆ విషయాలన్నీ కృపామణి అప్పలస్వామికి కూర్చోబెట్టి చెప్పింది. అతను సంతకం పెడుతూ, ఎలుకలకు కూడా ఇలాగే అన్నీ వివరించి చెప్పేదానివా పాపా అని అడిగాడు.

అతను ఆ లాబ్‌లో ఇరవై రెండేళ్ళు వంటవాడు. వంటంటే బాక్టీరియాకు వంట. అవి పెరగడానికి కావలసిన రసాలు కాచడం, గాజు ప్లేట్లలో పోయడం, వాడిన ప్లేట్లను ఉడకబెట్టి కడగడం అతని పని. కృపామణి ఇరవై నాలుగేళ్ళ వయసులో విద్యార్థినిగా వచ్చినప్పుడు, బుడగ రాకుండా ప్లేటు పోయడం నేర్పింది అతనే. అప్పటినుంచి ఆమెకు అతను బాబాయి, అతని భార్య నూకాలు పిన్ని. పదహారు నెలల క్రితం ఒక సాయంత్రం గిర్రున తిరిగే యంత్రంలో ట్యూబు పగిలింది. మూత తెరిచింది అప్పలస్వామి. అందులోని బాక్టీరియా అతని ఊపిరితిత్తుల్లో చేరింది. విచారణ కమిటీ దాన్ని ప్రమాదం అని రాసింది. ఈ ఒక్క బ్యాచ్ అయిపోతే ఇంటికెళ్దాం బాబాయ్ అని ఆ సాయంత్రం అతన్ని ఆపింది కృపామణి. అది ఏ ఫైల్లోనూ లేదు.

పదకొండింటికి లెక్క ముప్ఫై ఎనిమిది శాతం. పన్నెండున్నరకు అరవై ఒకటి. జ్వరం నూట రెండు దాటింది. అంతా అనుకున్నట్టే జరుగుతోంది.

ఒంటిగంటన్నరకు కూడా అరవై ఒకటే.

రెండింటికి యాభై ఏడు.

"తగ్గుతోంది మేడమ్," అంది యశోధర.  ఉదయం నుంచి ఆ స్టూలు మీంచి లేవలేదు.

కృపామణి తెర దగ్గరికి వంగి చూసింది. ఆకుపచ్చ చుక్కలు అంచుల నుంచి ఒక్కొక్కటే బూడిదరంగుకు తిరుగుతున్నాయి. మొండిగాళ్ళకు కబురు అందింది. లేచి చుట్టూ చూశాయి. తిండి చాల్లేదు. మళ్ళీ పడుకుంటున్నాయి.

ఖాదర్ ఇప్పుడే ఇంజెక్షన్ ఇచ్చేద్దామన్నాడు. మూడు రాత్రులుగా అతనికీ నిద్ర లేదు. సగానికి పైగా చస్తాయి, ఏమీ లేనిదానికంటే నయం కదా అని అతని వాదం. మిగిలిన సగం రెండు నెలల్లో లేస్తే ఏమిస్తారని కృపామణి అడిగింది.  గ్లూకోజ్ వేగం పెంచమంటే అతను తల అడ్డంగా ఊపాడు. ముప్ఫై ఎనిమిది కిలోల మనిషి. ఇన్నాళ్ళు ఎండిన ఒంట్లోకి నరం ద్వారా ఒక్కసారిగా పంచదార తోస్తే గుండె ఆగుతుంది. ఇప్పటికే ఇవ్వగలిగినంతా ఇస్తున్నారు. నోటితో తిన్నదే నెమ్మదిగా, నిలకడగా రక్తంలోకి చేరాలి.

"నోటితో తింటున్నాడుగా. చార్టు చూడండి," అన్నాడు ఖాదర్.

చార్టు ప్రకారం నాలుగు రోజుల్లో ఒక్క మెతుకు కూడా మిగల్లేదు.

కృపామణి అద్దాల గది ముందుకు నడిచింది. బయట బెంచీ మీద నూకాలు కూర్చుని ఉంది. నిన్నటిదాకా ఆవిడ లోపలే ఉండి మొగుడికి దగ్గరుండి తినిపించింది. నిద్రలో ఉన్న బాక్టీరియా ఇంకొకరికి అంటదు. ఇవాళ లేపుతారు గనక పొద్దున్నుంచే లోపలికి పోనివ్వలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు నడుము దగ్గర రెండు మడతలు ఎక్కువగా దోపుకుని ఉంది. ఒకప్పటి జాకెట్టు చేతుల దగ్గర వదులుగా వేలాడుతోంది. కృపామణికి ఎందుకో అది అప్పుడే కనిపించింది.

పద్నాలుగు నెలల క్రితం, మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో, ఆమె కంచరపాలెంలో వాళ్ళ ఇంటికి వెళ్ళింది. నూకాలు వంటగది చూపించింది. చింతపండు లేదు, నూనె లేదు, వంకాయ లేదు, చేప గుమ్మం తొక్కలేదు. జబ్బుమనిషికి మూడు పూటలా పల్చటి గంజి, సాయంత్రం బార్లీ నీళ్ళు. ఇంత పథ్యం ఎవరు చేయిస్తారు పిన్నీ, ఎంత బాగా చూసుకుంటున్నారు అని కృపామణి మెచ్చుకుంది. నూకాలు ఆ మాటను వీధంతా చెప్పుకుంది. డాట్రమ్మే బాగుందన్నాది.

ఎనిమిది నెలల తర్వాత లాబ్‌లో రెండు వరసల ప్లేట్లు పక్కపక్కన పెట్టి చూసింది కృపామణి. ఒక వరసకు చిక్కటి రసం, ఒక వరసకు పల్చటి రసం. రెంటికీ ఒకే యాంటీబయాటిక్. చిక్కటి రసంలో అన్నీ చచ్చాయి. పల్చటి రసంలో మొండిగాళ్ళు హాయిగా బతికాయి. ప్లేట్లలో ఏళ్ళుగా చూస్తున్న తేడాయే అది, కానీ ఆమెకు ఆ వంటగది గుర్తొచ్చింది ఆరోజే. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఇంకో రకం వైద్యం మొదలుపెడదాం అని మాత్రమే చెప్పి వచ్చేసింది. కారణం చెప్పలేదు.

ఇప్పుడు అద్దంలోంచి చూస్తుంటే మంచం కింద స్టీలు క్యారేజీ కనబడింది. మూడు గిన్నెలది. గోడవైపుకు నెట్టి, పైన తువ్వాలు కప్పి ఉంది.

కృపామణి మైకు బొత్తాం నొక్కింది.

"బాబాయ్, మంచం కింద ఆ క్యారేజీ ఏంటి?"

అప్పలస్వామి కళ్ళు తెరిచాడు. జ్వరానికి ముఖం ఎర్రగా ఉంది.

"ఖాళీదే పాపా."

లోపల ముసుగు తొడుక్కున్న నర్సు వంగి క్యారేజీ లాగింది, మూత తీసింది. పై గిన్నెలో మూడు ఇడ్లీలు, ఒక గుడ్డు. మధ్య గిన్నెలో మధ్యాహ్నం అన్నం సగం. కింది గిన్నెలో రెండు వంజరం చేప ముక్కలు, పులుసు ఒలకకుండా పక్కపక్కన సర్ది ఉన్నాయి. నర్సు మందులు తేవడానికి అటు తిరిగినప్పుడల్లా ప్లేటు ఇలా ఖాళీ అయిందన్నమాట.

"నాను తిన్నాను. సగం తిన్నాను," అన్నాడు అప్పలస్వామి. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటున్నాడు. "సగం దానికి. అది నాతోపాటే గంజి తాగుతంది పాపా. పద్నాలుగు నెల్లు. సూడు ఎలగైపోనాదో."

కృపామణి బొత్తాం మీద వేలు తీయకుండానే వెనక్కి తిరిగింది. నూకాలు లేచి నిలబడింది. అడిగినదానికి దాచకుండా చెప్పింది. నిన్నటిదాకా పూటపూటా సగం తిండి క్యారేజీలో బయటికి తెచ్చింది తనే. తాను ముట్టుకోలేదు. కింద వరండాలో రోగుల చుట్టాలకు పెట్టేసింది. ఆయన తనకోసం అని తీస్తుంటే వద్దనలేదు, ఎందుకంటే ఆయన తక్కువ తినడమే ఆవిడకు కావాలి. ఇవాళ పొద్దున్న అద్దం బయట నుంచి కూడా సగమే అని చేత్తో సైగ చేసింది.

"మీరందరూ సదువుకున్నోళ్ళు," అంది నూకాలు. "కాదన్ను. కానీ నా మొగుడి కడుపు నాకు తెలుసమ్మా. నీరసం మనిషికి ఆరేసి ఇడ్లీలు, సేపలు, గుడ్లు ఎవరు పెడతారు. ఇన్నాళ్ళూ నా సేతి గంజే కదా ఆయన్ని నిలబెట్టినాది."

గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. తిన్నది రక్తంలోకి చేరడానికి గంటైనా కావాలి. ఈ మాటను మెత్తగా చెప్పాలంటే ఒక పూట కావాలి. ఆరు నెలలుగా కృపామణి ఆ పూట కోసం చూస్తూనే ఉంది.

"ఆయన్ని కాదు పిన్నీ. వాటిని నిలబెట్టింది."

నూకాలుకు అర్థం కాలేదు.

"తిండి తగ్గితే ఆ క్రిములు నిద్రపోతాయి. నిద్రపోయినవాటికి మందు తగలదు. పథ్యం పెట్టినన్నాళ్ళూ మేమిచ్చిన మాత్రలు వృథాగా పోయాయి. మీ ఇంటికొచ్చి బాగుందన్నది నేనే. నాకూ అప్పుడు తట్టలేదు. ఇప్పుడు ఆయన తినకపోతే అవి మళ్ళీ పడుకుంటాయి. ఇంకో అవకాశం లేదు."

 నూకాలు రెండు చేతులూ చీర కొంగును చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాయి.

"నీకెప్పుడు తెలిసినాది?"

"ఆరు నెలలైంది."

"ఆరు నెల్లు," అంది నూకాలు. ఆ తర్వాత అద్దంవైపు చూసింది. "ఆయనకి తెలుసా?"

జవాబు గోడమీది స్పీకరులోంచి వచ్చింది. బొత్తాం మీద కృపామణి వేలు ఇంకా అలాగే ఉంది. అతను మొత్తం విన్నాడు.

"పల్చటి ప్లేట్లు కడిగినోడ్ని నాను. నాకు తెల్దేటి."

"తెలిసి తాగినావా?"

"నువ్వు కాసి ఇస్తే తాగినాను. కాదంటే నువ్వేటైపోతావో అని." అతను దగ్గాడు. తెర మీద అంకె యాభై మూడుకు దిగిందని వెనక నుంచి యశోధర చెప్పింది. "ఇప్పుడు ముందు నువ్వు తిను నూకాలా. అప్పుడు తింతాను. నువ్వు తినకపోతే ఈ డాట్రమ్మ కాదు, దాని గురువొచ్చి సెప్పినా ముట్టను."

కాంటీన్ మూసేశారు. యశోధర తన మధ్యాహ్నం డబ్బా తెచ్చింది. ఉదయం నుంచి దాని మూత తీయడానికి తీరిక దొరకలేదు. అన్నం, వంకాయ కూర, పెరుగు. ఖాదర్ ఎక్కడినుంచో రెండు అరటిపళ్ళు, బిస్కెట్ ప్యాకెట్టు పట్టుకొచ్చాడు. అద్దానికి ఆనించి స్టూలు వేశారు. లోపల నర్సు అప్పలస్వామిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, క్యారేజీ ముందుంచింది.

నూకాలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అటువైపు అతను ముద్ద పెట్టుకున్నాడు.

పద్నాలుగు నెలలు గంజికి అలవాటుపడిన కడుపు. అయిదో ముద్దకు ఆవిడకు వాంతి వచ్చింది. మొగుడికి కనబడకుండా పక్కకు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మింగేసింది. మళ్ళీ అద్దంవైపు తిరిగి ఆరో ముద్ద కలిపింది. కృపామణి నీళ్ళ గ్లాసు అందించబోతే తల ఊపింది. నీళ్ళు తాగితే అన్నానికి చోటుండదని ఆవిడ భయం. అతనికి వణుకు మొదలైంది. చెయ్యి నోటిదాకా రావడం లేదు. నర్సు కలిపి పెట్టింది. వంజరం ముక్క నోట్లోకి వెళ్ళాక అతను ఏదో అన్నాడు. స్పీకరులో గరగరలాడింది.

"ఏటంటన్నాడు?" అంది నూకాలు.

"ఉప్పు తక్కువైందట," అంది నర్సు.

నూకాలు నవ్వబోయి, నవ్వలేక, ఇంకో ముద్ద తింది.

మూడున్నరకు యాభై అయిదు. నాలుగింటికి డెబ్భై నాలుగు. జ్వరం నూట నాలుగు. నాలుగుంబావుకు ఎనభై ఎనిమిది. అతనికి స్పృహ తప్పుతూ వస్తూ ఉంది. ఆకుపచ్చ చుక్కలు తెరంతా పరుచుకుంటుంటే, తన పదకొండేళ్ళ శ్రమ ఫలించే చోట నిలబడి, దాన్ని చూడటానికి కూడా కృపామణికి ఓపిక లేదు. నాలుగూ నలభైకి తొంభై మూడు. ఖాదర్ సిరంజి పట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె వద్దంది. నాలుగూ యాభైకి తొంభై ఆరు.

"ఇచ్చెయ్యండి," అంది.

ఆ తర్వాత ఎవరూ చేయగలిగిందేమీ లేదు. మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు యశోధర పెట్టిన చెంచాడు నీటిలో ఆకుపచ్చ చుక్క ఒక్కటీ లేదు. బూడిదరంగుదీ లేదు. మూడుసార్లు పెట్టించి చూసింది కృపామణి. తర్వాత అదే కుర్చీలో బూట్లతోనే నిద్రపోయింది.

నాలుగో రోజున అప్పలస్వామి పూర్తిగా తెలివిలోకి వచ్చాడు. నర్సు ఎలా ఉందని అడిగింది. ఖాదర్ అడిగాడు. నూకాలు మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, పేరు పెట్టి పిలిచింది. అతను అందరి పెదాలనూ వరసగా చూశాడు.

"ఎవరూ మాటాడరేటి?" అన్నాడు, వార్డు చివరిదాకా వినబడేటంత గట్టిగా.

రెండు చెవులూ పోయాయి. ఇంజెక్షన్ తీసుకున్న మూల్యంలో మూత్రపిండాలకు కొంత తిరిగి వచ్చింది. చెవులకు ఏమీ రాలేదు.

మూడు వారాలు గడిచాయి. వారానికొక్కటి చొప్పున మూడు పరీక్షల్లోనూ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అతని బరువు నాలుగు కిలోలు పెరిగింది. ఇంటికి పంపే రోజు ఉదయం నూకాలు కృపామణి గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చుంది.

"ఒకటడుగుతాను. ఆరు నెల్ల ముందే ఎందుకు సెప్పలేదమ్మా?"

"మీరు బాధపడతారని."

"బాధ ఎలాగూ తప్పలేదు కదా." ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే కృపామణికి కొంచెం తేలికయ్యేది. "అప్పుడే సెప్పుంటే ఆరు నెల్లూ తిండి పెట్టుందును. ఒళ్ళు సేసుండేవోడు. ఇంత మందు పొయ్యకపోదురు కదా. సెవులు ఉండేవేమో."

ఒంట్లో బలం ఉంటే ఇంజెక్షన్‌ను మూడు చిన్న మోతాదులుగా ఇవ్వచ్చని ఖాదర్ మొన్ననే రిపోర్టులో రాశాడు. ఆ కాగితం బల్ల మీదే ఉంది.

"ఉండేవేమో పిన్నీ," అంది కృపామణి.

నూకాలు తల ఊపింది. "నానూ తాగినాను కదా ఆ గంజి. ఎంత ఆకలేసేదో నాకు తెలుసు. ఆయనకీ ఏసే ఉంతాది. ఒక్క పూట సెప్పలేదు. ఇప్పుడు నానడిగితే ఇనబడదు."

బయట వార్డులోకి కొత్త రోగి వచ్చింది. తగరపువలసలో కుట్టుపని చేసుకునే ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. రెండేళ్ళుగా తగ్గుతూ తిరగబెడుతూ ఉన్న జబ్బు. మేలుకొలుపుకు రెండో మనిషి. పక్కన తల్లి కూర్చుని, ఫ్లాస్కులోంచి బార్లీ నీళ్ళు గ్లాసులోకి వంచుతోంది. కూతురు ఆ గ్లాసు అందుకుని, తల్లి ముఖం చూసి, సగం తాగింది. గది తలుపులోంచి వాళ్ళిద్దరూ కనిపిస్తూనే ఉన్నారు.

కృపామణి కుర్చీ వెనక్కి జరిపి లేచింది. ఈసారి ఇవాళే చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. రెండడుగులు వేసింది. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక తలుపు పట్టుకుని ఆగింది.

నూకాలు ఆమెను దాటుకుని వెళ్ళింది. వెళ్ళి ఆ తల్లి పక్కన బెంచీ మీద కూర్చుంది. ఏ ఊరని అడిగింది. పిల్లకు ఏం పెడుతున్నావని అడిగింది. ఆ తల్లి ముఖం విప్పారింది. చింతపండు మానేసింది, నూనె మానేసింది, పప్పు మానేసింది, పెరుగు కూడా మానేసింది. ఒక్కొక్కటీ వేళ్ళమీద చెప్పుకుంటూ పోయింది. రెండేళ్ళలో ఒక్క రోజు కూడా తప్పలేదని చెప్పింది.

నూకాలు అన్నీ అయ్యేదాకా వింది. తర్వాత ఆవిడ చేతిలోంచి ఫ్లాస్కు మెల్లగా తీసుకుని కింద పెట్టింది.

"నానూ అచ్చం అలాగే సేసినానమ్మా," అంది.